ముందు కలుగులు లెక్కపెట్టండి, మందు సంగతి తర్వాత

ఈ వారంలో ముగ్గురు ఫోన్ చేశారు, ముగ్గురిదీ ఒకటే మాట, "వదినా, ఎలుకలకి ఏం మందు పెట్టారు మీరు, పేరు చెప్పండి, కొనుక్కొస్తాం" అని. పేరు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. కానీ పేరొక్కటే చెప్పి ఫోన్ పెట్టేస్తే మూడేళ్ళ కింద నేను చేసిన తప్పే వాళ్ళూ చేస్తారని భయం, అందుకే కూర్చుని అంతా రాస్తున్నా. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

మాది తెనాలి దగ్గర, కొల్లిపర వైపు. ఎకరంన్నర మాగాణి, ఇంటి చుట్టూ ముప్పై సెంట్ల దొడ్డి, దాంట్లో 14 కొబ్బరి చెట్లు, రెండు నిమ్మ చెట్లు, గేదెల పాక, గడ్డివామి, ఒక పది పన్నెండు కోళ్ళు. మా ఆయన ఉద్యోగం గుంటూర్లో, పొద్దున పోతే రాత్రికే రావడం, కాబట్టి పొలం, దొడ్డి నేనూ మా అత్తయ్యే చూసుకుంటాం. ఇలా అన్నీ కలిసి ఉన్న చోట ఎలుకకి కావాల్సినవన్నీ ఒకచోటే దొరుకుతాయి, గడ్డివాములో ఇల్లు, దాణా బస్తాలో అన్నం, కుడితి తొట్టి దగ్గర నీళ్ళు, కొబ్బరి మొవ్వులో బోండాలు, ఇక పొలానికి పోవాల్సిన పనేముంది దానికి, అయినా పోద్ది.

2022లో మొదలైంది మాకు. ముందు మోటారు స్టార్టర్ వైరు కొరికేశాయి. తర్వాత విత్తనాల కోసం దాచుకున్న బీపీటీ 5204 వడ్లు, మా బాపట్లలో పుట్టిన సాంబమసూరే, గోతాం అడుగు నుంచి తినుకుంటూ పోయి పైకి మాత్రం నిండుగా కనపడేట్టు ఉంచాయి, ఎత్తబోతే గోతాం ఊడి చేతికొచ్చింది. ఆ కోపంలో బజారుకెళ్ళి పురుగు మందుల కొట్లో అడిగితే నల్ల పొడి పొట్లం ఇచ్చారు, జింకు ఫాస్ఫైడు. ఎలా కలపాలో ఎక్కడ పెట్టాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండు చేపల ముక్కలు, నూకలు కలిపి చేటలో వేసి పాక పక్కన, గడ్డివామి చుట్టూ కుప్పలు కుప్పలుగా పెట్టా. తెల్లారేసరికి మూడు ఎలుకలు చచ్చి ఉన్నాయి, సంబరపడ్డా. ఎనిమిదింటికి పక్కింటావిడ ఏడుస్తా వచ్చింది. ఐదు పెట్టలు, గుడ్లు పెట్టే పెట్టలు, మా దొడ్లోకి వచ్చి ఆ నూకలు తిని గోడ వారన పడిపోయి ఉన్నాయి. డబ్బులిచ్చా, తీసుకోనంది, బతిమాలితే తీసుకుంది. మా దొడ్లో అప్పుడప్పుడూ ఆడుకునే ఆవిడ మనవడికి రెండేళ్ళు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంకో సంగతి, ఆ మూడు ఎలుకలే, నాలుగోది చావలేదు. రెండో రోజు పెట్టా, మూడో రోజు పెట్టా, ఎలుకలు దాని వైపు చూళ్ళేదు. కారణం తర్వాత తెలిసింది. ఎలుక కొత్త తిండి కనపడితే ఒకేసారి మింగదు, కాస్త కొరికి రుచి చూసి ఆగుద్ది. జింకు ఫాస్ఫైడు కడుపులోకి వెళ్ళి అక్కడి యాసిడ్‌తో కలిసిందంటే ఫాస్ఫీన్ గ్యాసు పుట్టి గంటల్లోనే పని చేస్తది, అంటే కొంచెమే తిన్న ఎలుకకి వెంటనే కడుపులో తేడా తెలిసిపోయి బతికి బయటపడితే మళ్ళీ ఆ వాసన దరిదాపులకి రాదు. అందుకనే ఆ మందు వాడాలంటే ముందు రెండు రోజులు మందు లేకుండా ఉత్త నూకలు నూనె కలిపి పెట్టి అలవాటు చేసి, మూడో రోజు మందు కలిపింది పెట్టాలంటారు. అదీ కలుగు లోపల, బయట కాదు. ఒక పంటకి ఒకసారే, మళ్ళీ మళ్ళీ పెడితే దండగ. మనిషికి పొరపాటున లోపలికి పోతే విరుగుడు లేదు దానికి. నేనైతే ఆ పొట్లం మళ్ళీ ఇంటికి తేలేదు, తేను.

ట్యూబులో పేస్టులా వచ్చేది ఒకటుంది, పసుపు భాస్వరం, రొట్టె ముక్కకి రాసి పెడతారు. దయచేసి అది ఇంట్లో ఉంచకండి. పళ్ళు తోముకునే పేస్టులాగే ఉంటది, లివర్‌ని తినేస్తది, దానికీ విరుగుడు లేదు. అలాగే గోధుమలకి వేసే బిళ్ళలు, అల్యూమినియం ఫాస్ఫైడు. అవి మనలాంటివాళ్ళు ఇళ్ళల్లో వాడకూడదని రూలే ఉంది, అయినా అడిగితే కాయితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. పడుకునే గది పక్కన కొట్లో బిళ్ళలు వేసి తలుపేసుకుంటే ఆ గ్యాసు ఎలుకనీ మనిషినీ వేరు చేసి చూడదు.

సరే, అసలు కథకి వస్తా. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణ పొంగింది గుర్తుందిగా, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, బుడమేరు ఒకవైపు బెజవాడని ముంచితే ఇటు లంకలన్నీ మునిగాయి. మా ఊరు కరకట్టకి ఇవతల, నీళ్ళు రాలేదు. ఎలుకలు వచ్చాయి. లంకల్లో ఉన్నవన్నీ కట్ట ఎక్కి ఇటు దిగాయి, వాటి వెనకే పాములు. ఒక రాత్రి వసారాలో టార్చిలైటు వేస్తే గోడ వారన వరసగా పోతన్నాయి. మా అత్తయ్య అరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉంది, ఇన్ని ఎప్పుడూ చూడలేదంది. ఆ ఏడాది గట్టు వార మొదటి రెండు మూడు బారల వరి కొడవలితో కోసినట్టు ఏటవాలుగా కొరికి పడేసి ఉంది. ఎలుక తినేదానికన్నా కొరికి పారేసేది ఎక్కువ. పళ్ళు పెరుగుతానే ఉంటాయి దానికి, అరగదీసుకోవాలి.

అప్పుడు పిలిపించాం ఎలుకలు పట్టే యానాది పెద్దాయన్ని. వాళ్ళ నాన్న మా మామయ్యగారి రోజుల నుంచి మా మాగాణికి వచ్చేవాడంట. ఆయన వచ్చి వెంటనే పని మొదలుపెట్టలేదు. గట్ల మీద చెప్పుల్లేకుండా నడిచాడు, ఒక గంట నడిచుంటాడు. ఒక్కో కలుగు దగ్గర కూర్చుని మట్టి వేళ్ళతో నలిపి చూసి "ఇది పాతదమ్మా, ఇందులో లేదు, ఇదుగో దీన్లో ఉంది, పిల్లల తల్లి" అంటన్నాడు. ఎట్లా తెలిసింది తాతా అంటే చూపించాడు. ఎలుకున్న కలుగు ముందు మట్టి కొత్తగా, తడిగా, పిండిలాగా కుప్పపోసి ఉంటది. పందికొక్కు అయితే లోపల్నుంచి మట్టితో మూతి మూసుకుని ఉంటది కూడా. పాత కలుగు మూతికి సాలెగూడు ఉంటది, గడ్డి మొలుస్తది. చిట్టెలుక కన్నం రూపాయి బిళ్ళ అంత, దాని ముందు మట్టి సన్నటి గోళీల్లా ఉంటది.

తర్వాత కుండ పెట్టాడు. అడుగున బెజ్జం ఉన్న మట్టికుండలో ఎండుగడ్డి, పిడక ముక్క కుక్కి నిప్పేసి మూతి కలుక్కి ఆనించి, చుట్టూ మట్టి మెత్తి, ఆ బెజ్జంలోంచి నోటితో ఊదుతాడు. మిగతా దారులన్నీ ముందే బురదతో మూసేశాడు, పొగ ఎక్కడ లేస్తే అక్కడ వాళ్ళావిడ పరిగెత్తుకెళ్ళి మట్టి కొట్టేది. పావుగంట ఊది గడ్డపలుగుతో తవ్వితే ఐదు ఎలుకలు, పక్కన ఒక గూట్లో వెన్నులు, ముక్కలు ముక్కలుగా కత్తిరించి సర్దిపెట్టినవి, తూస్తే రెండు కేజీల పైన. మా వడ్లే. అవి వాళ్ళవే, అది వాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న హక్కు, నేను అడగలేదు. ఒక్కో ఎలుకకి 25 రూపాయల లెక్కన ఇచ్చాం. కానీ ఊదీ ఊదీ ఆయన కళ్ళు నిప్పుల్లా అయిపోయాయి, దగ్గు ఆగలేదు, ఆ దగ్గు వింటా ఉంటే ఈ పని ఆ మనిషితో ఇలా చేయించుకోవడం తప్పనిపించింది. ఇప్పుడు చేత్తో తిప్పే ఫ్యాను పెట్టిన పొగ యంత్రాలు ఉన్నాయి, నోటితో ఊదక్కర్లేదు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకల మీద ప్రత్యేకంగా పని చేసేవాళ్ళున్నారు, ఇలా ఎండుగడ్డితో పొగ పెట్టడం మీద బాగా పని చేశారు. ఈ ఏడాది మా బోదె, అంటే మా పొలాలకి నీళ్ళొచ్చే చిన్న కాలవ, దాని కింద రైతులం తలా కొంచెం వేసుకుని ఒక యంత్రం కొన్నాం, అది ఆయన దగ్గరే ఉంచాం, వేరే ఊళ్ళకి కూడా తీసుకెళ్తున్నాడు. యంత్రం మనం కొనొచ్చు గానీ ఏ కలుగులో ఎలుకుందో చెప్పే కళ్ళు మాత్రం ఆయనవే.

ఆయనే ఇంకో మాట అన్నాడు, నాకు అది అంటుకుపోయింది. "అమ్మా, మీ ఎకరంన్నర నేను శుభ్రం చేస్తా, పక్కాయన గట్టు మీదివి వారానికల్లా ఇటు వస్తయి, నాకు కూలి దొరుకుద్ది గానీ మీకు పంట దక్కదు" అని.

ఎలుక సరిహద్దు రాళ్ళు చూసుకోదు కదా. ఒక బోదె కింద ఉన్న గట్లన్నీ దానికి ఒకటే ఇల్లు. కడుపు కట్టిన 21, 22 రోజులకే ఈనుతుంది, ఈతకి ఆరు నుంచి పది పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్ళీ ఈతకొస్తాయి. నేనొక్కదాన్నే చంపుకుంటా పోతే ఖాళీ అయిన కలుగుల్లోకి పక్క పొలంవి వచ్చి కాపురం పెడతాయి.

అందుకని 2025లో ముందే అనుకున్నాం, మా బోదె కింద పది మంది రైతులం, 17 ఎకరాలు, ఒకే రోజు చేద్దామని. చెప్పినంత తేలిగ్గా కాలేదండీ. ఇద్దరు హైదరాబాదులో ఉంటారు, కౌలుకిచ్చారు, కౌలు రైతు ఏమో "నా పంట నేను చూసుకుంటా, గట్టు ఆయనది" అంటాడు. ఒకాయన పోయినేడు నీళ్ళ దగ్గర గొడవై మా ఆయనతో మాట్లాడ్డు, వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళి ఆవిడతో మాట్లాడొచ్చా. నాలుగుసార్లు కూర్చోవాల్సొచ్చింది రామాలయం అరుగు మీద. రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయి రెండుసార్లు వచ్చి బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు గురించి ఓపిగ్గా చెప్పింది.

అప్పుడు మా అత్తయ్య అడ్డం పడింది. "వినాయకుడి వాహనమమ్మాయ్, చవితి ముందు ఎలుకని చంపుతారా ఎవరన్నా" అని. నేను ఎదురు చెప్పలేదు, ఆవిడ నమ్మకం ఆవిడది, నాకూ లోపల కొంచెం ఉంది ఆ బెంగ. కానీ టైము చూస్తే ఎలుకల మందుకి సరైన రోజులు కూడా అవే, నాట్లు వేసి నెల దాటి పిలకలు వేసే టైము, లోపల కంకి మొదలయ్యే చిరుపొట్ట దశ రాకముందు. పొట్టదశ వచ్చాక పైరులో తీపి పుట్టాక ఎలుక ఇంక నూకలకి రాదు, కళ్ళ ముందు పాలకంకి ఉంటే నీ ఎండు నూకలెందుకు దానికి. ఆ ఏడు చవితి ఆగస్టు 27న పడింది, నిమజ్జనం అయ్యాక సెప్టెంబర్ రెండో వారంలో పెట్టుకున్నాం. అత్తయ్య సరేనంది, ఆ రోజు పొద్దున మాత్రం దణ్ణం పెట్టుకుంది, నేనూ పక్కనే నిలబడ్డా.

ఇక చేసిన పద్ధతి చెప్తా, ఫోన్ చేసినవాళ్ళు ఇక్కడ్నుంచి జాగ్రత్తగా చదవండి.

మొదటి రోజు సాయంత్రం మందు ఏమీ లేదు. పార, తట్ట తీసుకుని పది మందీ గట్లన్నీ తిరిగి కనపడ్డ ప్రతి కలుగు మట్టితో మూసేశాం, మూసినవి లెక్క రాసుకున్నాం. 312. రెండో రోజు తెల్లారి మళ్ళీ తిరిగాం, ఎలుకున్న కలుగైతే రాత్రి తవ్వుకుని తెరుచుకుంటది. తెరిచినవి 141. ప్రతిదాని పక్కన ఒక కర్రపుల్ల గుచ్చి ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. అంటే సగానికి పైగా కలుగులు ఉత్తివే. ముందు మావాళ్ళు అనుకున్నది పది కేజీల ఎర కలుపుదామని. కలుక్కి 15 గ్రాముల పొట్లం చొప్పున 141 కలుగులకి రెండు కేజీల పైచిలుకు చాలు. రెండున్నర కేజీలు కలిపాం, నూకలు రెండు కేజీల 400 గ్రాములు, వంట నూనె 50, మందు 50. వందలో 96 పాళ్ళు నూకలు, రెండు నూనె, రెండు మందు, ఇది 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి మందుకి లెక్క, ఇంకో రకం తెస్తే లెక్క మారిపోద్ది, డబ్బా మీద చూసుకోండి. ముందు నూకలకి నూనె పట్టించి, తర్వాత మందు చల్లి కర్రతో కలిపాం, చేతులకి గ్లౌజులు. మన చర్మానికి మందు తగలకూడదు. కలిపిన బేసిను మళ్ళీ దేనికీ వాడలేదు, పొలంలోనే గొయ్యి తీసి పాతేశాం.

కాయితం పొట్లాల్లో కట్టి, తెరిచిన కలుగులో చెయ్యి పట్టినంత లోపలికి కర్రతో తోసి, మూతి మీద రెండు ఆకులు కప్పాం. గట్టు మీద ఒక్క గింజ పడకుండా చూసుకున్నాం. ఆ ఐదు పెట్టలు నా కళ్ళ ముందే ఉన్నాయి ఆ రోజంతా. కోళ్ళు, గొర్రెలు ఆ పదిహేను రోజులు అటు రాకుండా ఊళ్ళో మైకులో చెప్పించాం.

ఈ మందు వెంటనే చంపదు. రక్తం గడ్డకట్టకుండా చేస్తది, నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైన పడద్ది. తిన్న ఎలుకకి ఈ తిండి వల్లే ఇట్లా అయిందని తెలీదు, అందుకే మిగతావి కూడా తింటాయి. మూడో రోజు చచ్చిన ఎలుక కనపడక "మందు నకిలీది" అని గొడవ మొదలెట్టారు మావాళ్ళు, ఐదో రోజు నుంచి కనపడ్డాయి. చాలా వరకు కలుగుల్లోనే చస్తాయి. బయటపడ్డవి రోజూ పొద్దున్నే తిరిగి ఏరి లోతుగా పాతిపెట్టాలి, ఇది మాత్రం బద్ధకిస్తే కుదరదు. ఎందుకంటే ఆ ఎలుకని పిల్లి తింటే పిల్లికి ఎక్కుద్ది, గుడ్లగూబ తింటే గుడ్లగూబకి. మా పిల్లి రెండు రోజులు నీరసంగా పడి ఉండి చిగుళ్ళ నుంచి నెత్తురొస్తే ఎత్తుకుని తెనాలి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తా, విటమిన్ కే1 ఇచ్చారు, బతికింది. ఈ మందుకి విరుగుడు ఉండటం ఒక్కటే కొంచెం ధైర్యం. మనుషులకైనా అదే, పొరపాటు జరిగితే డబ్బా తీసుకునే ఆసుపత్రికి వెళ్ళండి.

పది రోజుల తర్వాత మళ్ళీ అన్నీ మూసి చూస్తే 38 తెరిచాయి. వాటికే రెండోసారి పెట్టాం. అంతే, ఆపేశాం.

అక్టోబర్ 28న మొంథా తుపాను వచ్చింది. పాలు పోసుకునే దశలో ఉన్న చేను పడిపోయింది. పడిపోయిన చేను ఎలుకకి పరుపేసి అన్నం పెట్టినట్టే, కింద చేరి తినేస్తది, పైన గద్దకి కనపడదు. ఈసారి ఏమైద్దో అనుకున్నా. పడ్డ దుబ్బుల్ని నాలుగైదు కలిపి కట్టి నిలబెట్టాం కుదిరిన కాడికి, యానాది పెద్దాయన వెదురు బుట్టలు పెట్టాడు, విల్లులా వంచిన బద్ద, దానికి ఉచ్చు, లోపల గుప్పెడు వడ్లు. ఎకరానికి ఇరవై దాకా సాయంత్రం పెట్టి పొద్దున తీస్తాడు. పొట్టదశ దాటాక మందు పనిచేయదు కాబట్టి అప్పుడు బుట్టలే. తుపాను నష్టం తుపానుదే, అది ఎవరం ఆపలేం. కానీ ఆ ఏడు గట్టు వార కొరికిన పైరు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పైరు చుట్టూ బైండింగు వైరు లాగి కరెంటు పెట్టడం. ఎలుకలకని, పందులకని పెడుతున్నారు. మా చుట్టుపక్కల ఒక ఊళ్ళో రాత్రి నీళ్ళు కట్టడానికి పోయిన కుర్రాడు పక్క పొలం వైరు తగిలి పోయాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. పెట్టినాయన చెడ్డవాడు కాదు, అప్పులున్న రైతే, ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. నాలుగు బస్తాల వడ్ల కోసం రెండు ఇళ్ళు ఆరిపోయాయి. ఎవరన్నా పెడుతుంటే మొహమాటపడకుండా తీయించండి.

పాముల గురించి చాలామంది అడుగుతారు. జెర్రిపోతు కనపడితే చంపకండయ్యా. దానికి విషం లేదు, తోకతో కొడుతుందని, నాగుపాముతో కలుస్తుందని చెప్పేవన్నీ ఉత్తివి. ఏడాదంతా జీతం లేకుండా మన గట్ల మీద ఎలుకలు పట్టేది అదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఇంటి దగ్గరికి వస్తున్నాయంటే చాలా వరకు ఎలుకల కోసమే, దొడ్లో ఎలుక లేకుండా చేసుకుంటే వాటికి ఇక్కడ పని తగ్గుద్ది. కాటు పడితే కట్లు, మంత్రాలు కాకుండా కదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఈ మూడింటికీ ఒకటే ఇంజెక్షను, సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. గుడ్లగూబ కూడా అంతే. మోడైపోయిన కొబ్బరి చెట్టు ఒకటి కొట్టేద్దామనుకున్నాం, దాని తొర్రలో గుడ్లగూబ చేరింది, అత్తయ్య కీడంది. రాత్రి పూట అది ఎలుకని కాళ్ళతో పట్టుకుని వస్తే లేపి చూపించా ఆవిడకి. ఇప్పుడు ఆవిడే ఆ మోడు కొట్టొద్దంటది. పొలంలో అక్కడక్కడా అడ్డకర్ర కట్టిన గుంజలు పాతాం, అవి కూర్చోవడానికి. జిగురు అట్టలు మాత్రం నేను పెట్టను, ఒకసారి పెడితే పిచిక పిల్ల అతుక్కుని రెక్క ఊడింది.

ఇంటి దగ్గర మందు అసలు వాడట్లేదు ఇప్పుడు. వాడాల్సిన పని లేకుండా చేసుకున్నాం. తవుడు, దాణా మూతున్న రేకు డ్రమ్ముల్లోకి మార్చాం, రాత్రి కుడితి తొట్టి ఖాళీ చేసి బోర్లిస్తాం, కోళ్ళకి చీకటి పడకముందే మేత పెట్టి మిగిలింది ఊడ్చేస్తాం. మొదటి నెలలోనే తేడా తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ ఆ ఎలుకల్ని నేనే మేపానని. గడ్డివామి నేల మీద కాకుండా రాతి దిమ్మల మీద తాటి దూలాలు పరిచి దాని మీద వేశాం, కింద నుంచి పిల్లి దూరి తిరగడానికి చోటుంది. వడ్ల బస్తాలు గోడకి మూరెడు ఎడంగా, చెక్కల మీద. పాత రోజుల్లో మా మామయ్యగారు వడ్లు దాచడానికి వాకిట్లో పురి కట్టేవారంట, ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురి, ఎంత బాగుండేదో అని అత్తయ్య ఇప్పటికీ చెప్తది, కానీ దానికి కూడా ఎలుక అడుగు నుంచి వచ్చేదని ఆవిడే ఒప్పుకుంటది.

తలుపుల కింద చెక్కకి రేకు కొట్టించాం. గోడ కంతలకి సీసా పెంకులు సిమెంటులో కలిపి కొట్టాం. చిటికెన వేలు దూరే కంతుంటే చిట్టెలుక దూరిపోద్ది, బొటనవేలు పట్టేదైతే పెద్ద ఎలుకే వస్తది, ఇల్లంతా వేలు పెట్టి చూసుకోండి. కొబ్బరి చెట్లకి ఆరేడు అడుగుల ఎత్తులో మూరెడు వెడల్పు జింకు రేకు చుట్టాం, జారిపోతాయి ఎక్కలేక. పక్క చెట్టు కొమ్మ తగులుతుంటే మాత్రం రేకు పెట్టినా లాభం లేదు, ఆ కొమ్మ కొట్టేయాలి ముందు. ఒక చెట్టుకి నిమ్మకొమ్మ ఆనుకుని ఉందని చూసుకోలేదు, రెండు నెలలు తొడిమ దగ్గర బెజ్జం పడ్డ పిందెలు రాలుతానే ఉన్నాయి. మూతి పొడుగ్గా, కంపు కొట్టుకుంటా కిచకిచమని గోడ వారన పోయేదాన్ని మాత్రం వదిలేయండి, అది గింజ తినదు, బొద్దింకల్ని, పురుగుల్ని తింటది.

మినుముల్లో పుచ్చు పురుగు, బియ్యంలో ముక్కు పురుగు సంగతి ఇంకోసారి రాస్తా, ఎండ బాగా తగలనిచ్చి గాలి దూరని డబ్బాలో పోయడమే అందులో ముప్పాతిక వంతు పని.

జ్వరం మాట మర్చిపోతున్నా. ఎలుక ఉచ్చ కలిసిన బురదలో కాలి పగుళ్ళతో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తది, ఎలుకల మీద ఉండే నల్లిలాంటి సన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్. మాకు నాట్లకొచ్చే ఆవిడకి పది రోజులు జ్వరం తగ్గలేదు, మలేరియా కాదు, డెంగీ కాదు, చివరికి నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు చూసి ఒక డాక్టరమ్మ కనిపెట్టింది. డాక్సీసైక్లిన్ అనే మామూలు మాత్రలతోనే రెండు రోజుల్లో దిగింది. పొలం పని చేసేవాళ్ళకి జ్వరమొస్తే ఒంటి మీద అలాంటి మచ్చ ఉందేమో చూడమని డాక్టర్ని అడగండి, చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ కింద. చచ్చిన ఎలుకని ఉత్త చేత్తో పట్టుకోవద్దు.

ఇప్పుడు వరి కోతలయ్యాయి, మా వైపు మొక్కజొన్న వేయబోతున్నాం. గింజ పడితే ఎలుక మొదటి రోజే వస్తది. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మా బోదె గట్లు చెక్కుతున్నాం, లావుగా పెరిగిపోయిన గట్లు సన్నం చేస్తే కలుగు తవ్వడానికి చోటుండదు, పనిలో పనిగా కలుగులు మూసి లెక్క కూడా రాస్తాం. ఫోన్ చేసిన ముగ్గురూ రండి, యానాది తాత కూడా వస్తానన్నాడు, ఏ కలుగులో ఉందో మట్టి నలిపి ఆయనే చూపిస్తాడు. పార, తట్ట తెచ్చుకోండి, టిఫిను మా ఇంట్లోనే.